అర బార్

కత్తిపారా వంతెన ఎక్కేటప్పుడల్లా
ఏసీ ఆపేయాలి.
ఆపినా మూడో గేరులో దగ్గు,
రెండోదాంట్లో ఏడుపు.
వెనక నీళ్ల లారీవాడు
హారన్ మీంచి చెయ్యి తీయడు.
మూడు సిలిండర్లు, ఎనిమిది వందల సీసీ,
ముద్దుపేరైనా పెట్టని తెల్ల కారు.
పాపం దాని తప్పేముంది,
గాలి చాలడం లేదు, అంతే.

పుదుప్పేట సందుల్లో
కార్లని కోడిని కోసినట్టు కోస్తారు.
తొడలొక చోట, మెడలొక చోట.
గోడకి చేరేసిన తలుపులు,
వెనక ఇల్లు లేని తలుపులు.
అక్కడ దొరికింది, గోనెపట్టా మీద,
నత్తగుల్లలా చుట్టుకుని,
ఏదో డీజిల్ బండి వదిలి వెళ్లిన టర్బో.
ఎవరిది, ఎక్కడ గుద్దుకుంది అంటే
"ఏళాయిరం" అన్నాడు కొట్టువాడు.
ఇంకేమీ అడక్కు అన్నట్టు
నాలుగున్నరకి దిగాడు.

నాకొచ్చింది ఒక్కటే విద్య.
అంబత్తూరులో పదకొండేళ్లుగా
పరాయి ఇనుములో తప్పులు పట్టడం.
చేతిసంచిలోంచి డయల్ గేజి తీసి
షాఫ్టుకి ఆనించాను.
ముల్లు కదిలింది, రెండే రెండు గీతలు.
బతికే ఉంది.

ఓబులేశు ఒప్పుకోలేదు.
"ఏందక్కా, పిచ్చుక రొమ్ముకి కొలిమితిత్తి కడతావా?
పగిలి చస్తాది."
పగలకుండా కట్టు, అన్నాను.
తల గీరుకున్నాడు. బీడీ ఆర్పాడు.
ఆర్పాడంటే సరేనన్నట్టే అని
షెడ్డు వెనక నుంచి చెన్నమ్మ సైగ చేసింది.

ఐదు ఆదివారాలు.
హెడ్డు విప్పి మందం గాస్కెట్ వేశాడు,
కంప్రెషన్ కాస్త తగ్గాలని.
నూనెకి ఒక దారి లోపలికి, ఒక దారి బయటికి.
ఇంజెక్టర్లు పెద్దవి.
గాలిని చల్లార్చే జల్లెడ బంపరు వెనక.
దానికోసం హారన్ చోటు మార్చాల్సి వచ్చింది,
ఇప్పుడది జలుబు చేసినట్టు మోగుతుంది.
మొదటి మానిఫోల్డు అతుకు దగ్గర చీలింది,
నడి కత్తిరి ఎండలో.
ఆ రోజు ఇద్దరం మాట్లాడుకోలేదు.
నన్నారి షర్బత్ తాగి ఎవరి దారిన వాళ్లం పోయాం.

ఇది ఎలా పనిచేస్తుందో చెన్నమ్మకి చెప్పాను:
ఇంజను వదిలేసిన వేడిపొగ
పోతూ పోతూ ఒక చక్రాన్ని తిప్పి పోతుంది,
ఆ ఇరుసుకి అటు చివర ఇంకో చక్రం,
అది బయటి గాలిని తోడి
లోపలికి కుక్కుతుంది.
ఆమె పిండి కలపడం ఆపలేదు.
"అంటే, నిట్టూర్పుతోనే పొయ్యి ఊదుకోవడం."
నేను చదివిన ఏ మాన్యువల్లోనూ
అంత పొట్టి వాక్యం లేదు.

రాత్రి పదకొండున్నర. పుళల్ చెరువు పక్క రోడ్డు.
తొక్కాను. ఏమీ లేదు.
అంతా బూడిదలో పోసినట్టే అనుకునేలోగా
ఎక్కడో కుక్కరు కూతకి ముందు వచ్చే గుసగుస,
తర్వాత సన్నని ఈల,
తర్వాత సీటు నా వీపుని తోసింది.
ఓబులేశు డాష్‌బోర్డు పట్టుకుని
వాళ్లూరి దేవుళ్లని వరసపెట్టి పిలిచాడు.
గేజి ముల్లు అర బార్ దగ్గర.
"అంతే. ఆడ నిలవాల."
వేస్ట్‌గేట్ మర మీద
చెన్నమ్మ ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టి
ముద్ర వేశాడు.
ఇంకో చుట్టు తిప్పితే ఏమవుతుందో నాకు తెలుసు.
తిప్పాలని ఉందని అతనికి తెలుసు.

సోమవారం. కత్తిపారా.
ఏసీ వేసుకునే ఎక్కాను, మూడో గేరులో.
నీళ్ల లారీ అద్దంలో చిన్నదైపోయింది.
సగం వంతెన దాకా చల్లగా కూర్చున్నాను.
తర్వాత ఏసీ ఆపి అద్దం దించాను.
గిండీ వేడి, పొగ, దుమ్ము, అన్నీ మీద పడ్డాయి.
పడనీ.
ఈల వినపడాలి కదా.